కూడికకు పరిచిన గడ్డి

కిడ్నీ మార్పిడి చేయించుకొని వచ్చిన ఒక కుర్రవాడి ఇంటి దగ్గర కృతజ్ఞత ప్రార్థన కూడిక ఉంటుందనీ, అతను మాత్రం లోపలి గదిలోనే ఉంటాడనీ పోయిన ఆదివారం మా దమ్మపేట చర్చిలో పాస్టరుగారు ప్రకటిస్తే, ఒక్కరూ నొచ్చుకోలేదు. నాకు మాత్రం మా తమ్ముడు గుర్తొచ్చాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా తమ్ముడికి కిడ్నీలు పాడైతే, అక్క తనది ఒకటి ఇచ్చింది. ఆపరేషను అయిన మూడు నెలలకు, మందుల మూలంగా బుగ్గలు ఉబ్బిన ముఖంతో వాడు హైదరాబాదు నుంచి ఇంటికి వచ్చాడు. కొత్త కిడ్నీని ఒళ్లు తోసిపుచ్చకుండా వేసే మందులు రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయనీ, దుమ్ముకూ బూజుకూ దూరంగా ఉంచమనీ డాక్టరు చెప్పాడు. దుమ్మంటే రోడ్డు దుమ్మనుకున్నాను. బడిపంతులునై ఉండీ నా తెలివి అంతే.

దవాఖానా నుంచి బాగై వచ్చినవాళ్ల ఇంటి ముందు పందిరి వేసి, గడ్డి పరిచి, పైన టార్పాలిన్ పట్టాలు వేసి, ఆ మనిషిని నడిమధ్యన కూర్చోబెట్టుకొని కూడిక పెట్టుకోవడం మా రివాజు. కొత్త గడ్డి గేదెలకు ఉంటుంది కదా అని, వానకు తడిసి ఆరిన పాత గడ్డివాము అడుగున ఉన్న గడ్డి నేనే లాగి పరిచాను. తెల్లటి పొడి లేస్తే అందరం తుమ్ముకుంటూ నవ్వుకున్నాం. తమ్ముడు దానిమీద రెండు గంటలు కూర్చొని, పాటలకు చప్పట్లు కొట్టాడు.

నెల తిరగకముందే దగ్గు, జ్వరం. మళ్లీ హైదరాబాదు తీసుకుపోతే, ఊపిరితిత్తుల్లో బూజు పాకిందనీ, అక్కడినుంచి గుండె కవాటానికి చేరిందనీ అన్నారు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, కిడ్నీ చక్కగా పనిచేస్తోందని చెప్పి, బూజు ఎక్కడినుంచి వచ్చిందో ఖాయంగా చెప్పలేమంటూనే, పాత గడ్డి గానీ పెంట గానీ కదిలించారా అని అడిగాడు. లేదని తల అడ్డంగా ఊపాను. కొద్ది రోజులకే వాడు పోయాడు.

తన కిడ్నీ తమ్ముడికి పడలేదనీ, అందుకే పోయాడనీ అక్క నమ్మింది. నేను కాదనలేదు, కాదంటే గడ్డి సంగతి చెప్పాలి. పచ్చి పిరికితనం అది.

ఆ ఆదివారం చర్చి నుంచి నేరుగా అక్క ఇంటికి వెళ్లి అంతా చెప్పేశాను. చిక్కుడుకాయలు తుంచుతున్న చేతులు ఆపి, "నా కిడ్నీ మంచిగనే పనిచేసిందారా?" అన్నది. ఆఖరిదాకా పనిచేసిందన్నాను. చాలాసేపు ఏడ్చింది. "గడ్డి నువ్వు పరిస్తేంది, కూడిక పెట్టాలన్నది నేనే గద. గీ మాట అప్పుడే చెప్పకపోతివి" అన్నది.

రోగిని లోపల ఉంచినా నొచ్చుకోనంత తెలివి మా ఊరికి రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. నాకు నోరు రావడానికీ అంతే పట్టింది. అన్నేళ్లూ తమ్ముడి సమాధి దగ్గరికి వెళ్లినప్పుడల్లా, తన కిడ్నీ పడనందుకు క్షమించమని అక్క వాడిని అడుగుతూనే ఉన్నదట.