సీరియల్ చీర రంగు

మా బాపు బట్టల దుకాణంలో టీవీ అమ్మకానికి పెట్టింది కాదు. కానీ ఆ టీవీ అమ్మినన్ని చీరలు మా బాపు కూడా అమ్మలేదు. నలుపు తెలుపు టీవీ అది. లంగా గుడ్డల తానుల మధ్య ఒక అర ఖాళీ చేసి అందులో పెట్టాడు. వారానికొకసారి సాయంత్రం సీరియల్ వచ్చే వేళకు జహీరాబాద్ బజారులో ఆడవాళ్లు సగం మంది మా దుకాణం పరుపు మీదే ఉండేవాళ్లు. కూర్చున్న మనిషిని ఊరికే కూర్చోబెట్టడం మా ఇంటా వంటా లేదు. ప్రకటనలు రాగానే బాపు ఒక చీర మడత విప్పేవాడు.

ఆ సీరియల్‌లో ఒక కొత్త కోడలు. పట్నం పోయిన భర్త వస్తున్నాడని కొత్త చీర కట్టుకుని రైలు స్టేషన్‌కు పోతుంది. రైలు వస్తుంది, ఆయన దిగడు. మర్నాడు బజారంతా ఎర్రబడ్డ కళ్లతో వచ్చి ఆ చీరే కావాలంది. రంగేమిటో ఎవరికి తెలుసు? మా టీవీలో అది బూడిద రంగు. బాపు మాత్రం తడుముకోలేదు. దుకాణంలో ఏ రంగు ఎక్కువ మిగిలిపోయిందో అదే సీరియల్ చీర.

“గదేంది సేటూ, మా వదినకు పచ్చది ఇచ్చినవ్, నాకు మెరూన్ చూపిస్తున్నవ్?” అని ఒకామె నిలదీసింది.

“మీ వదినకు పచ్చగ కనవడ్డదట, ఇచ్చిన. నీ కండ్లకు ఎట్ల కనవడ్డది చెప్పు.”

ఆమె కాసేపు ఆలోచించింది. “మెరూనే అనిపిచ్చింది.”

“మరింకేంది తల్లీ!”

గిరాకీలకు అలా తెగింది గానీ ఇంట్లో తగువు తెగలేదు. మా అక్క ఆకుపచ్చ అంది, నేను మెరూన్ అన్నాను. పెళ్లిళ్లయ్యాక ఆమె కోహీర్‌లో, నేను ఇక్కడే స్టీలు సామాన్ల దుకాణంవాళ్ల ఇంట్లో స్థిరపడ్డాం. పుట్టింటి సొమ్ములు పంచుకున్నట్టు ఆ తగువును కూడా చెరిసగం తెచ్చుకున్నాం.

అక్క జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్స్ వేస్తుంది. కోహీర్‌లో ఆమె చేతి మీదుగా పోని పెళ్లి చీర తక్కువ. మొన్న దసరా ముందు బ్యాంకులో పనిచేసే మేడం ఒకామె తన చీర తిరిగి తెచ్చింది. వంకాయ రంగు చీర. దానికి అక్క గోధుమ రంగు ఫాల్ కుట్టింది. మేడం కోపం చేసుకోలేదు. “అక్కా, జర కండ్లు చూపించుకో” అని మాత్రం అంది. అక్క చీరను, ఫాల్‌ను గుమ్మం వెలుతురులో పక్కపక్కన పెట్టి చూసింది. ఆమెకు రెండూ ఒకటే రంగు.

చీర మేడంకు తిరిగిచ్చేసి, ఆ రోజు నుంచి కొత్త జాకెట్ తీసుకోలేదు. కంట్లో శుక్లం అన్నారు. రెండు కళ్లకూ ఉంది, ముందు ఒకటి చేస్తామన్నారు. చలి మొదలయ్యాక ఆపరేషన్ కోసం మా ఇంటికి వచ్చింది. వచ్చిన రోజే చెప్పింది.

“మోతిబిందు తీసినంక గూడ రంగు గిట్లనే ఉంటే, మిషన్ తీసి అటక మీద పెడ్త. రంగు కనవడనిది నేనేం కుడత?”

నవ్వుతూనే అంది. మా ఇంట్లో అసలు ధర ఎప్పుడూ నవ్వుతూనే చెప్తారు. అందుకే నాకు భయమేసింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. కన్ను నలపొద్దు, ఏడవొద్దు, తలస్నానం వద్దు అని చెప్పి, “పది రోజులు టీవీ చూడొద్దు” అన్నాడు డాక్టరు.

“పదా సారూ? ఐదు చేసుకోండ్రి” అంది అక్క.

“అమ్మా, ఇది కన్ను.”

“ఆపరేషన్ ఒక్క కన్నుకే గద సారూ, రెండోదేం తప్పు చేసింది?” అని నేను అందుకున్నాను.

డాక్టరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చివరకు ఏడుకు దిగాడు. గెలిచామనుకుని బయటికొచ్చాం. బెంచీ మీద న్యాల్‌కల్ ఊరి ముసలాయన ఒకడు నల్లద్దాలతో కూర్చున్నాడు. “నీకెన్ని రోజులు చెప్పిన్రు తాతా?” అని అడిగాను. “వారం” అన్నాడు, ఏ బేరమూ లేకుండా. మా మొహాలు చూడగానే డాక్టరు ముందే పెంచి చెప్పాడన్నమాట. అంత తెలివైనవాడు మాకు పోటీగా దుకాణం పెట్టనందుకు సంతోషించాం.

ఇంట్లో అక్కకు పొద్దుపోవాలి. చూడొద్దన్నారు గానీ వినొద్దనలేదు కదా. ఏదైనా పాతది పెడదామని టీవీలో వెతుకుతుంటే తగిలింది, మా సీరియలే! ఎవరో పుణ్యాత్ములు మొత్తం నెట్‌లో ఎక్కించి పెట్టారు. ఆ ముందు పాట మొదలవగానే నల్లద్దాల కింద అక్క నోరు తెరుచుకుంది. నేనైతే లేచి నిలబడ్డాను.

“అక్కా, రంగుల్ల ఉన్నదే!”

“చెప్పకు!” అని అరిచి అక్క గోడవైపు తిరిగింది. “చీర రంగు నువ్వు చెప్పకు. నా కన్నుతోని నేనే చూస్త. ఓడినోళ్లు చలి పోయేదాంక పొద్దున్నే లేచి చాయ్ పెట్టాలె.”

జహీరాబాద్ చలిలో తెల్లవారుజామున రగ్గు వదిలి అల్లం దంచడమంటే చిన్న పందెం కాదు. ఒప్పుకున్నాను.

ఇక మధ్యాహ్నాలన్నీ మావే. బయట చెరుకు ట్రాక్టర్లు పోతుంటే, లోపల జొన్నరొట్టె, పల్లీల పొడి పెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి ఎపిసోడ్లు లాగించాం. చూడటం నా వంతు, వినడం అక్క వంతు. “దుకాణం ఎవలు చూస్తరు?” అని మా ఆయన గొణిగేవాడు. గొణుగుతూనే భోజనం కంచం టీవీ ముందుకు తెచ్చుకునేవాడు.

ఇన్నేళ్ల తర్వాత చూస్తే ఆ సీరియల్ సరుకు ఎంత పలచనో తెలిసింది. తలుపు వేస్తే గోడ ఊగుతుంది. జమీందారు ఇంట్లో ఉన్న పూలకుండీయే పేదవాడి ఇంట్లోనూ ఉంది. ఇవన్నీ అక్కకు చెప్తూ నవ్వించాను. ఏడుపు ఘట్టాలు వచ్చినప్పుడే చిక్కు. కన్నీళ్లొస్తే ఆమె చెయ్యి కంటి మీదకు పోతుంది. కాబట్టి నకిలీ జరీని అసలుదని అమ్మిన ఇంటి పిల్లగా నాకు వచ్చిన పనే చేశాను.

కోడలు వెక్కివెక్కి ఏడుస్తోంది.

“ఏమైందే?” అంది అక్క.

“ఏం కాలే. ఉల్లిగడ్డలు కోస్తున్నది.”

“గంతసేపా? ఏం, పెండ్లి వంటనా?”

“పెద్ద కుటుంబం గద అక్కా.”

“మరి వెనక గా సన్నాయి ఎందుకు ఏడుస్తున్నది? దానికి గూడ ఉల్లిగడ్డ ఇచ్చిన్రా?”

స్టేషన్ ఎపిసోడ్ వచ్చిన రోజు అక్క గోడవైపు తిరిగి, చెవి ఒక్కటి నాకు అప్పగించి కూర్చుంది. రైలు కూత పడింది. నేను చూశాను. చీర రంగు చూశాను.

“చూసినవా?”

“చూసిన.”

“గొంతెందుకు గట్లైంది? ఓడినవ్ లే.”

అక్క అటక మీద పెడతానన్న మిషనే నా కళ్ల ముందు కనబడింది. పందెం సంగతి నాకప్పుడు గుర్తే లేదు. ఆ రంగు చాలా లేతగా ఉంది. సందేహంగా ఉన్న కన్నుకు అది మట్టిలానూ కనిపించొచ్చు, బూడిదలానూ కనిపించొచ్చు.

వారం గడిచాక డాక్టరు అక్షరాల అట్ట చదివించి, కన్ను బాగుందన్నాడు, టీవీ చూసుకోమన్నాడు. ఇంటికొచ్చే దారిలో అక్క ముఖంలో నవ్వు లేదు.

“అక్షరాలు చూపిస్తడు. అక్షరాలన్నీ నలుపే గద చెల్లె. నాకు కావాల్సింది రంగు.”

కాళ్లు కడుక్కుని నేరుగా టీవీ ముందు కూర్చుంది. “పెట్టు” అంది. నేను మనసులో అబద్ధం సిద్ధం చేసుకున్నాను. ఆకుపచ్చ అంటే ఆకుపచ్చే అంటాను. నువ్వే గెలిచావు అంటాను. ఓడిపోవాలని ముందే నిర్ణయించుకుని బేరానికి కూర్చోవడం నా జన్మలో అదే మొదలు.

రైలు వచ్చింది. కొత్త కోడలు ప్లాట్‌ఫాం మీద అటూ ఇటూ చూసింది. అక్క కదల్లేదు. తర్వాత మెల్లగా కొత్త కన్నుకు అరచెయ్యి అడ్డం పెట్టింది.

“ఈ పాత కన్నుకు మట్టి.”

చెయ్యి మార్చి రెండోదానికి పెట్టింది. చాలాసేపు చూసింది. నేను మధ్యలో ఆపి పెట్టాను, రైలు అక్కడే నిలబడిపోయింది.

“పచ్చ గాదు” అంది అక్క. “మెరూన్ గాదు. ఉల్లిపొర రంగు. అంచు పసుపు.”

అవును. ఉల్లిపొర రంగే. మా బాపు దుకాణంలో ఎన్నడూ లేని రంగు.

నేను సిద్ధం చేసుకున్న అబద్ధం నోట్లోనే ఉండిపోయింది. అక్క అప్పటికే ముందుకు వంగి, టీవీ మీద వేలు పెట్టి చూపిస్తోంది.

“జాకెట్ చూడు, జాకెట్! ఉల్లిపొర చీరకు గులాబి రంగు గుడ్డ పెట్టిండు. మ్యాచింగ్ తెల్వదు. చంక దగ్గర ముడత గూడ పడ్డది. ఎవడు కుట్టిండో గని, వానికి కండ్లున్నయా? గా మొగుడు రైలు దిగకపోయిందే నయం!”

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వుకు అక్క కంట్లో నీళ్లొచ్చాయి, ఆమె చెయ్యి పైకి లేచింది. “నలపకు!” అని పట్టుకున్నాను.

“ఇడువే, ఉల్లిగడ్డలు కోస్తున్న” అంది.

పందెంలో ఇద్దరమూ ఓడాం. చాయ్ ఎవరు పెట్టాలన్నదానికి ఒక పూటకు సరిపడా బేరం మిగిలి ఉంది. కానీ నేనే లేచి పోయి అల్లం దంచాను. వంటింట్లోకి అక్క ఫోన్ మాట వినిపించింది. బ్యాంకు మేడంతో మాట్లాడుతోంది.

“ఆ వంకాయ రంగు చీర ఉన్నదా మేడం? పంపియ్. ఫాల్ ఇప్పేసి మల్ల కుడత. ఆ... కనవడుతున్నది. మస్తుగ కనవడుతున్నది.”