రన్‌వే పక్కన దిష్టి నీళ్ళు

మా బావ ఫైరింజన్‌ను రన్‌వే పక్కన ఇసుకలో ఆపి, తలుపు కూడా వేయకుండా దిగి, చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ వైపు పరుగెత్తాడు. ఆ సమయంలో ఇరవై ఏళ్ళయినా నిండని ఒక అమ్మాయి, జీవితంలో మొదటిసారి ఒంటరిగా విమానం నడుపుతూ, మా తలల మీదుగా సముద్రం వైపు వెళ్ళి గుండ్రంగా తిరుగుతోంది. ఆమె విమానానికి బ్రేకులు పోయాయని కింద ఉన్నవాళ్ళంతా నమ్ముతున్నారు. పోలేదని తెలిసినవాళ్ళం నాతో కలిపి ముగ్గురమే. ఆ ముగ్గురిలో ఒకడు మా బావ. ఆ మాట బయటపెడితే తన ఉద్యోగం ఊడుతుందని కూడా ఆయనకు తెలుసు.

మొన్న మా అపార్టుమెంటు కింద ఎవరో కొత్త కారు కొనుక్కొచ్చి, దాని ముందు పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళు తిప్పి పోస్తుంటే, నేలంతా మరకలు చేస్తున్నారని వాచ్‌మన్ గొణుక్కుంటుంటే, మెట్ల మీద నిలబడిపోయిన నాకు ఇదంతా ఒక్కసారిగా కళ్ళముందుకు వచ్చింది.

రెండువేల రెండు తర్వాత కొన్నేళ్ళపాటు నేను దుబాయ్‌లో ఒక ఇంగ్లీషు దినపత్రిక డెస్కులో పనిచేశాను. మా అక్క భర్త, జగిత్యాల దగ్గరి పల్లెటూరివాడు, అంతకుముందే అక్కడికి వెళ్ళి, ఉమ్ అల్ క్వైన్ వైపు పోయే దారిలో ఉన్న ఒక చిన్న విమానాశ్రయంలో ఫైరింజన్ డ్రైవరుగా కుదిరి ఉన్నాడు. విమానాశ్రయం అంటే మీరు ఊహించుకునేది కాదు. ఒకే ఒక్క రన్‌వే, రెండంతస్తుల టవరు, రేకుల షెడ్డు, టీ గది, చుట్టూ ఇసుక. అది ఒక విశ్వవిద్యాలయం సొంత ఆస్తి. పైలట్ కోర్సు పిల్లలు నేర్చుకోవడానికి కట్టుకున్నారు. యాజమాన్యం విశ్వవిద్యాలయానిది కావడం వల్ల అక్కడ అన్నీ కాలేజీ పద్ధతులే నడిచేవి. పరీక్షలప్పుడు విమానాలు ఎగిరేవి కావు, వేసవి సెలవుల్లో రన్‌వేకి కూడా సెలవే, గాలి దిశ చూపే గుడ్డ గొట్టం చిరిగితే హాస్టల్ దుప్పట్లు కుట్టే దర్జీయే దాన్నీ కుట్టి పంపేవాడు. జీతాల పట్టికలో విమానాశ్రయం అనే విభాగమే లేదు కనుక, మా బావ మెడలోని కార్డు మీద తోటల విభాగం అని ఉండేది. నీళ్ళు కొట్టే పనే కదా, తేడా ఏముందని ఆయన నవ్వేవాడు.

నాకు సెలవు దొరికినప్పుడల్లా అక్కడికి పోయేవాణ్ణి. రోజంతా ఇతరుల వాక్యాలు దిద్దే మనిషికి, ఎవరూ తొందరపడని ఆ చోటు ప్రాణానికి హాయిగా ఉండేది. బావకు తోడుగా ఫైరింజన్ మీద కడప వైపు ముస్లిం ఒకాయన ఉండేవాడు. భాయ్ అనే పిలిచేవాళ్ళం. ఇద్దరూ ఒకే క్యాంపులో, ఒకే గదిలో, ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్ళు. కూరలో చింతపండు ఎంత వేయాలన్న దాని మీద తప్ప వాళ్ళకు ఏ తగాదా ఉండేది కాదు.

అక్కడ ఒక ఆచారం ఉండేది. విద్యార్థి మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగిన రోజు, ఫైరింజన్ వాళ్ళు ఒక బకెట్ నీళ్ళు నెత్తిన కుమ్మరించాలి. ఇది విమానాల వాళ్ళ ఆచారమే. దానికి ముందు ఇంకొకటి ఉండాలని మా బావ పట్టుదల. అంత పెద్ద పనికి పోయే పిల్లలకు దిష్టి తీయకుండా పంపడం ఆయనకు మనసొప్పేది కాదు. భాయ్ తన తల్లి ఎండుమిరపకాయలతో నజర్ తీసే సంగతి చెప్పేవాడు. అయితే ఏ విద్యార్థికీ ఎప్పుడూ తీసింది లేదు, అది టీ గది మాటగానే ఉండిపోయింది, ఈ అమ్మాయి వచ్చేదాకా.

ఆమె ఆ దేశపు అమ్మాయే. నల్లటి అబాయా మీద పైలట్ జాకెట్ వేసుకుని వచ్చేది. ఫైరింజన్ దగ్గర ఆగి సలాం చెప్పకుండా షెడ్డులోకి పోయేది కాదు. తోటి అబ్బాయిలు ఎప్పుడో ఎగిరిపోయారు, ఈమెది మాత్రం వాయిదా మీద వాయిదా పడింది. దిగేటప్పుడు విమానాన్ని నేలకేసి కొడుతుందని పేరు. ఈసారి కాకపోతే కోర్సు మార్పించేస్తానని తండ్రి అన్నాడట. ఆ సంగతి టీ గదిలో తెలిసిన రోజునుంచి మా బావకు ఆమె సొంత కూతురి కింద లెక్క. ఊళ్ళో మా అక్క దగ్గర పెరుగుతున్న కూతురిది కూడా దాదాపు అదే వయసు.

ఆ రోజు ఉదయం నేను అక్కడే ఉన్నాను. చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ ఒక పెద్దవయసు ఇంగ్లీషాయన, చాలా తక్కువ మాట్లాడేవాడు. ఆమెతో కలిసి కాసేపు ఎగిరి, దిగాక తను కిందికి వచ్చి, ఇక నువ్వొక్కదానివే వెళ్ళు అని చెప్పి టవరు మెట్లెక్కాడు. విమానం కదిలి రన్‌వే వైపు వెళ్ళింది. మా బావ క్యాంపు నుంచి సీసాలో పట్టుకొచ్చిన ఎర్రనీళ్ళను మగ్గులో పోసి, వెళుతున్న విమానానికి దూరం నుంచే మూడుసార్లు తిప్పాడు. ఆ నీళ్ళు మనుషులు తొక్కని చోట పోయాలి కదా. చుట్టూ చూస్తే, విమానం అంతవరకూ నిలిచి ఉన్న పసుపు గీతల గడి ఖాళీగా కనిపించింది. అది తిరిగొచ్చేదాకా అక్కడ ఎవరూ నడవరని అందులోనే పోసి వచ్చాడు.

చిన్న విమానాల బ్రేకుల్లో వాడే నూనె ఎర్రగా ఉంటుందన్నది ఆయనకు తట్టలేదు.

అమ్మాయి ఎగిరిపోయింది. షెడ్డులోంచి బయటికొచ్చిన మెకానిక్, ఎడమ చక్రం నిలిచిన చోట ఎర్రటి మడుగు చూసి కేక పెట్టాడు. అంతే, సైరన్ మోగింది. విశ్వవిద్యాలయం ఆసుపత్రి నుంచి అంబులెన్సు బయలుదేరింది. రన్‌వే చిన్నది, చివర గోడ, గోడ అవతల పెద్ద రోడ్డు. బ్రేకుల్లేకుండా అక్కడ దిగడం ప్రమాదమని, ఆమెను కిందికి రానీయకుండా సముద్రం మీద తిప్పుతూ, పొడవైన రన్‌వే ఉన్న పెద్ద విమానాశ్రయానికి పంపాలని టవరులో నిర్ణయిస్తున్నారు. జెట్ విమానాలు దిగే ఆ చోటు ఆమె ఎన్నడూ చూసింది కాదు.

నన్ను కూడా ఎక్కించుకుని ఫైరింజన్ రన్‌వే పక్కకు వెళ్ళింది. దారిలో భాయ్ మా బావ వైపు తిరిగాడు.

"అన్నా, యాడ పోసినావ్ నువ్వు ఆ నీళ్ళు?"

"గా గడిలనే పోసిన. గిట్లయితదని నాకేం ఎరుకర బై!"

"నోరెత్తొద్దు. చెప్పినావంటే ఖలాస్. రేపే ఇద్దరికీ వీసా కేన్సిల్ కొట్టి పంపిస్తారు."

బావ ఫైరింజన్‌ను ఇసుకలోకి దించి ఆపాడు.

"నౌకరి పోతే ఇంకోటి ఎతుక్కుంట. పోరి మీద నీళ్ళు పోసి సప్పుడు చేయకుంట కూసుంటే, రేపు నా బిడ్డ మొకం ఎట్ల జూస్తర?"

"పోరి మీద పోయల్యా, సిమెంటు మీద పోసినావ్," అన్నాడు భాయ్, అంత భయంలోనూ. "సరే పద, నేనూ వస్తా. ఒక్కడివే పోతే నీ హిందీ ఎవడికీ అర్థం కాదు."

చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ టవరు దిగి మడుగు దగ్గరికి వస్తున్నాడు. బావ ఆయనకు అడ్డం వెళ్ళి, హిందీలో కొంత, తెలుగులో కొంత, చేతులతో మిగతాదీ చెప్పాడు. ఆయనకు ఒక్క ముక్కా తెలియలేదు. అందరూ నా వైపు చూశారు. దిష్టి అనేదాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకూ తోచలేదు. పత్రికలో నేర్చుకున్నట్టు ఉన్నదున్నట్టు చెప్పాను: ఇది నూనె కాదు, పసుపూ సున్నం కలిపిన నీళ్ళు, ఆమె క్షేమంగా తిరిగి రావాలని ఈయన పోశాడు.

ఆయన వంగి, వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. జిడ్డు లేదు. ఎండకు అంచులు అప్పటికే ఎండి సున్నంపొడిలా రాలుతున్నాయి. వాసన చూశాడు. మా బావ కళ్ళలోకి ఒకసారి చూసి, ఆ వయసులో రెండేసి మెట్లు ఎక్కుతూ టవరులోకి పోయాడు.

అమ్మాయి దిగింది. ఒకసారి ఎగిరిపడి, సర్దుకుని, చక్కగా పరుగెత్తి, గోడకు ఎంతో దూరంలోనే ఆగింది. మా బావ అప్పుడు వెళ్ళి ఫైరింజన్ తలుపు వేశాడు. ఆడపిల్ల నెత్తిన నీళ్ళెలా పోస్తామని భాయ్ బకెట్ పట్టుకుని తటపటాయిస్తుంటే, ఆమే దాన్ని లాక్కుని చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ మీద కుమ్మరించింది. ఆ మనిషి నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

తర్వాత చాలా వారాలు మా బావ విశ్వవిద్యాలయం ఆఫీసు నుంచి పిలుపు వస్తుందని ఎదురుచూశాడు, పెట్టె కూడా సర్దుకున్నాడు. రాలేదు. ఇంకో విద్యార్థి ఒంటరిగా ఎగరాల్సిన ఉదయం మాత్రం చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ ఫైరింజన్ దగ్గరికి వచ్చి, మగ్గు వైపు చూసి, కంచె అవతలి ఇసుకను వేలితో చూపించి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి దిష్టి నీళ్ళు అక్కడే పోశారు. నేను ఈ సంగతి వార్తగా రాయలేదు. చేతికందిన మంచి వార్తను వదిలేసినందుకు మనసు తేలికపడటం నా ఉద్యోగంలో అదొక్కసారే జరిగింది.

ఇప్పుడు ఆ రన్‌వే మీద విమానాలు ఎగరడం లేదట. చుట్టూ ఇళ్ళు లేచాయి, పిల్లలు గదుల్లో కంప్యూటరు తెరల ముందు కూర్చుని విమానం నడపడం నేర్చుకుంటున్నారట. అక్కడైతే తప్పుగా దిగినా ఎవరి గుండె కూడా ఆగదు, దిగేదాకా ఇసుకలో నిలబడి పైకి చూసే మనిషి అవసరమూ లేదు. మంచిదే. బావ ఊరికి తిరిగొచ్చేశాడు, భాయ్ కడపలో మనవళ్ళతో ఉన్నాడు. కోర్సు పూర్తి చేసి ఆ అమ్మాయి పెద్ద విమానాల్లో చేరిందని మాత్రం ఎవరో చెప్పగా విన్నాం. ఆ ఉదయం తనను సముద్రం మీద అంతసేపు ఎందుకు తిప్పారో ఆమెకు ఎవరైనా చెప్పారో లేదో, మాలో ఎవరికీ ఈనాటికీ తెలియదు.