టీచర్‌కు నేనివ్వని సెలవు

మా టైపు టీచర్ పోయారన్న కబురు సోమవారం పొద్దున ఆఫీసు ఫోనుకు వచ్చింది. చేసింది ఆమె భర్త. "మీ టీచరమ్మ ఇగ లేదమ్మా. పొద్దుగాల లేపితే లేవలె," అన్నారు. గుండె ఆగిపోయిందని దవాఖానలో చెప్పారట. 

చందానగర్ బజారులో, బట్టల కొట్టు పైన ఒక్క గదిలో ఆమె ఇన్‌స్టిట్యూట్ ఉండేది. అక్కడ టైపు నేర్చుకున్నవాళ్లు ఇది చదువుతుంటే ఆమెను ఈపాటికి గుర్తుపట్టే ఉంటారు. ఇంటర్ తప్పి ఇంట్లో ముఖం చూపించలేక తిరుగుతున్న నన్ను మా అమ్మ అక్కడ చేర్పించింది. కొత్తవాళ్ల చేతుల మీద టీచర్ ఒక రుమాలు కప్పేవారు, అక్షరాలు చూసి కొట్టకూడదని. వేగం కోసం తొందరపడితే ఒప్పుకునేవారు కాదు. "తప్పు పడ్డదా? ఆగు. గాడనే ఆగితే ఒక్క తప్పే. ఉరికినవనుకో, కాగితమంత పాడైతది," అనేవారు. టైపు హయ్యర్ పరీక్షలో నాకు ఫస్టు క్లాసు వచ్చిన రోజు నా చెయ్యి పట్టుకుని వేళ్లన్నీ చూసి, "గోళ్లు తీసుకో" అన్నారు. పొగడటం ఆమెకు చేతనయ్యేది కాదు.

కంప్యూటర్లు వచ్చాక ఆ గది ఖాళీ అయిపోయింది. అప్పటికి నేను మాదాపూర్‌లో ఒక మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ కంపెనీలో సూపర్‌వైజర్‌ని. అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పి పంపే మాటలను హెడ్‌ఫోన్‌లో విని టైపు చేయడం అక్కడి పని. నేనే టీచర్‌ను తీసుకొచ్చి అందులో పెట్టించాను. ఆమె బోరబండలో ఇల్లు కిరాయికి తీసుకున్నారు. యాభై దాటిన మనిషి, పాతికేళ్ల పిల్లల మధ్య కూర్చుని మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నారు. "ఈ డాక్టరు నోట్ల ఏదో పెట్టుకొని మాట్లాడుతున్నడు," అని నవ్వేవారు. మూడు నెలల్లో మందుల పేర్లన్నీ ఆమెకు నోటికొచ్చేశాయి.

తర్వాత కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఎవరి చేతులు ఎంతసేపు ఆగాయో నా కంప్యూటర్‌లో కనిపించేది. కాసేపు ఆగితే చాలు, ఆ పేరు ఎర్రబడేది. టీచర్ పేరు రోజూ ఎర్రగానే ఉండేది. అర్థం కాని మాట వస్తే ఆమె కళ్లు మూసుకుని నాలుగైదు సార్లు వినేవారు మరి. మిగతావాళ్లు అందాజుగా కొట్టేసేవాళ్లు.

ఒక మధ్యాహ్నం పైవాళ్లు నన్ను పిలిచి ఆ ఎర్ర పేరు సంగతేమిటని అడిగారు. నేను ఆమె దగ్గరికి వెళ్లాను.

"టీచర్, మీ పేరు మళ్లీ ఎర్రగా వచ్చింది."

"ఏం తప్పు కొట్టిన బిడ్డా?"

"తప్పేం లేదు టీచర్. మధ్యలో ఆగుతున్నారు."

ఆమె హెడ్‌ఫోన్ తీసి నా చెవి దగ్గర పెట్టారు. "ఇను. మందు ఫిఫ్టీన్ అంటున్నడా, ఫిఫ్టీ అంటున్నడా? ఆగకుంటే ఎట్ల?"

నేనూ రెండుసార్లు విన్నాను, ఏదో తేలలేదు. అయినా, "జర జల్దీ చూడండి టీచర్," అని వచ్చేశాను. ఆ రోజు నుంచి ఆమె టిఫిన్ డబ్బా సీట్లోనే తెరిచేవారు. మాటిమాటికీ లేవాల్సి వస్తుందని మంచినీళ్లు తాగడం తగ్గించారు. పేరు ఎర్రబడటం కూడా తగ్గింది. అప్పుడు నేను సంతోషించాను. తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

వానాకాలంలో ఆమె వచ్చి వారం రోజులు సెలవు అడిగారు. "చేతులు తిమ్మిర్లెక్కుతున్నయ్. నిద్ర వడతలేదు. ఆదివారం సుత చెవులల్ల ఆ మాటలే," అన్నారు. పని ఎక్కువగా ఉంది, వచ్చే నెల చూద్దాం అన్నాను. "సరే బిడ్డా. నీకెందుకు పరేషాన్," అని వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు. 

పది రోజుల తర్వాత, పొద్దున పని మొదలుపెడుతూ ఆమె కీబోర్డు మీద వేళ్లు ఆనించి అలాగే ఉండిపోయారు. వెళ్లి భుజం మీద చెయ్యి వేశాను. "ఏ అక్షరం ఏడున్నదో మతికొస్తలేదు," అన్నారు. ఆ గొంతులో భయం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. ఆటో ఎక్కించి పంపాను. ఆమె మళ్లీ రాలేదు. చూసిరావాలని ప్రతి ఆదివారం అనుకునేదాన్ని. బోరబండ ఏమంత దూరం కాదు. వెళ్లి ఏమనాలో తెలియక వెళ్లలేదు. నాలుగు నెలలు అట్లాగే గడిచిపోయాయి.

ఉద్యోగమే ఆమె ప్రాణం తీసిందని నేననను. గుండె సంగతి డాక్టర్లకే తెలియాలి. కానీ ఆమె అడిగిన వారం రోజులు నేనివ్వగలిగినవే. ఇవ్వలేదు.

అంత్యక్రియలయ్యాక మూడో రోజు మధ్యాహ్నం మళ్లీ వాళ్లింటికి వెళ్లాను. టీచర్ భర్త ఒక్కరే ఉన్నారు. సెలవు సంగతి నేనే చెప్పి, "నా మీద కోపంగా ఉండేవారా అంకుల్?" అని అడిగాను.

"కోపమెందుకమ్మా? మా పిల్లకు పెద్ద కుర్చీ ఇచ్చిన్రు గని, దాన్ని సుత నిమ్మలంగ కూసోనిస్తలేరు అని నీ గురించి అనేది."

 ఆయనే మళ్లీ అందుకున్నారు. "ఇంటికొచ్చినంక చానా దినాలు కన్ను మూయలే. ఈ నడుమనే మధ్యాహ్నం పూట జర నిద్ర వడుతుండె…"

వాళ్లిల్లు పట్టాల పక్కనే. ఎక్కడో రైలు కూత వినిపించింది. చెబుతున్న మాట ఆపి ఆయన గబుక్కున లేచారు. చప్పుడు కాకుండా నడిచి వెళ్లి, కిటికీ తలుపులు రెండూ మెల్లగా దగ్గరకు వేసి గడియ పెట్టారు. వెనక్కి తిరిగి మంచం వైపు చూశారు. పరుపు చుట్టి పెట్టి ఉంది. గడియ మీద చెయ్యి అలాగే ఉంచి, రైలు పూర్తిగా వెళ్లిపోయేదాకా ఆయన అక్కడే నిలబడ్డారు.