పచ్చబడిన ఆల్చిప్పలు

ఎండకాలం బీచుపల్లి కాడ కృష్ణ సన్నబడితే, మా అమ్మ, నేను ఇసుకల కాళ్లతోని తడిమి ఆల్చిప్పలు ఏరుతుంటిమి. లోపలి మాంసం కూరకు. చిప్ప మామిడికాయ చెక్కు తీసేటందుకు. చిప్ప వీపును బండకు అరగదీస్తే బొక్క పడ్తది, ఆ బొక్క అంచుకు చెక్కు చకచక ఊడొస్తది.

రెండువేల సంవత్సరం దాటినంక ఒక ఏడు, ఏ చిప్ప తెరిచినా మాంసం పచ్చగ ఉండె. పైన నాచు అంటిందనుకొని అమ్మ ఉప్పు, చింతపండు వేసి మూడు నీళ్లల్ల కడిగింది. పోలే. నాచు మాంసం లోపలనే బతుకుతుండె.

చేపల సంగతి చూసే సర్కారు సారు వచ్చిండు. ఆయనను తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతది. ఒడ్డు దిగలే. తెరిచిన చిప్ప ముందల పెడితే సెల్‌ఫోను చూసుకుంటనే, "నాచేనమ్మా, మంచిగ కడుక్కొని తినుండ్రి," అన్నడు.

"లోపల ఉన్నదాన్ని ఎట్ల కడగాలె సారూ?" అని అడిగిన. నా దిక్కు చూడలే.

పోయేముందు మాత్రం, ఇంట్ల మామిడికాయ తొక్కు పెడుతున్నరని, చెక్కు తీసే చిప్పలు రెండు కావాలన్నడు. అమ్మ చిప్పల గంప తెచ్చి పెట్టింది. అప్పుడు కూసున్నడు. ఒక్కొక్క చిప్పను ఎండకు పట్టి, అంచు మీద వేలు పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి పావుగంట చూసిండు.