పరదా కొత్త వెర్షన్

మా ఆయన ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. చెప్పినా ఎవరికీ బుర్రకెక్కదు మరి. కంప్యూటర్ తెర మీద కనిపించేవాటిని మనకి నచ్చినట్టు మార్చుకోడానికి చిన్న చిన్న ప్రోగ్రాములు రాస్తాడు. ఒకటి మూలనున్న గడియారానికి సెకన్లు తగిలిస్తుంది. ఇంకోటి ఫోల్డర్లకి రంగులేస్తుంది. మూడోది పరదా. తెర మీదున్న ఐకాన్లలో ఏది వద్దనుకుంటే దాన్ని మాయం చేస్తుంది, మూడు మీటలు కలిపి నొక్కితే మళ్ళీ చూపిస్తుంది. అంతే. ఈమాత్రం దానికి ఓ మనిషి జీవితం ధారపోస్తాడా అని మా అన్నయ్య నా మొహం మీదే అడిగాడు. పోస్తాడు. రోజూ కళ్ళారా చూస్తున్నాను.

ఇదివరకు ఓ ప్రెస్సులో పుస్తకాలకి పేజీలు కట్టేవాడు. అక్కడ ఒకే కంప్యూటర్ని అందరూ వాడేవాళ్ళు. తెర నిండా ఎవరెవరివో ఫైళ్ళు, ఈగలు ముసిరినట్టు. ఆ చిరాకు భరించలేక పరదా రాసుకున్నాడు. ప్రెస్సు మూతపడింది, పరదా మిగిలింది. ఇప్పుడు మా భోజనాల బల్ల మీద భోజనం తప్ప అన్నీ ఉంటాయి. పాత కంప్యూటర్లు వరసగా, ఒక్కోదాంట్లో ఒక్కో కాలంనాటి సిస్టమ్. ఆయనా నేనూ అత్తయ్యా కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటాం. అత్తయ్య పొద్దున్నే గుడ్డ పట్టుకుని వాటన్నిటికీ ఒళ్ళు తుడుస్తుంది. "పిల్లల్లేని ఇల్లని ఎవరన్నారే అమ్మాయ్, వీళ్ళకి స్నానాలు చేయించేసరికే నా నడుం విరుగుతోంది" అంటుంది.

వాడేవాళ్ళు రాసే మెయిళ్ళకి జవాబులిచ్చేది నేను. ఆయనకి మనుషులతో మాట్లాడ్డం చేతకాదు. మీ గడియారం పనిచేయట్లేదండీ అని ఎవరో రాస్తే, చేస్తోంది అని ఒక్క ముక్క రాసి పంపిన ఘనుడు. ఆ రోజే ఆ పని లాక్కున్నాను.

అలా పోయినేడు ఒకావిడ రాసింది. అంతకుముందు ఎవరూ అలాంటిది రాయలేదు, ఆ తర్వాతా ఎవరూ రాయలేదు. ఆవిడ మాటలు నాకింకా అక్షరం పొల్లుపోకుండా గుర్తు. "మా ఇంట్లో కంప్యూటర్ నేనూ మా ఆయనా ఇద్దరం వాడతాం. ఆయన నా సంచీ వెతుకుతాడు, ఫోను చూస్తాడు, బీరువా సర్దుతున్నట్టు సర్ది అన్నీ తిరగేస్తాడు. నేనూ మా పాపా ఇక్కడినుంచి బయటపడ్డానికి కావాల్సినవన్నీ ఒక ఫోల్డర్లో దాచాను. ఒంటిమీద దెబ్బల ఫోటోలు కూడా అందులోనే ఉన్నాయి. దానికి తాళం వేస్తే ఏం దాచావని అడుగుతాడు. ఖాళీ జాగాని ఎవరూ ఏమీ అడగరు. అందుకే పరదా వాడుతున్నాను. సిస్టమ్ అప్‌డేట్ అయినప్పుడల్లా నా గుండె జారిపోతోంది. అది ఆగిపోకుండా చూడండి, చాలు. జవాబు మాత్రం రాయొద్దు. నా మెయిళ్ళు కూడా ఆయన చూస్తాడు. ఇది పంపగానే తుడిచేస్తాను."

చదివి వినిపించాను. ఆయన చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది. "ఆగిపోదు" అన్నాడు. నాతో అన్నాడో, ఆవిడతో అన్నాడో.

అప్పట్నుంచి ఇంట్లో పరదా వేరు, తక్కిన రెండూ వేరు. గడియారం పాడైతే రేపు చూద్దాం అనేవాడు. పరదాలో చీమంత తేడా వచ్చినా అన్నం దిగేది కాదు. నేనూ అంతే. కూరగాయల కొట్లో ఎవరైనా మెడచుట్టూ కొంగు బిగించి కప్పుకుని కనిపిస్తే, ఈవిడేనేమో అని వెర్రిగా చూసేదాన్ని. ఆవిడ ఏ ఊళ్ళో ఉందో, ఎలా ఉంటుందో, నాకేం తెలుసు.

ఈ ఏడు మళ్ళీ సిస్టమ్ కొత్త వెర్షన్ అన్నారు. దాన్ని తయారుచేసే కంపెనీవాళ్ళకి అదో పండగ. మాలాంటివాళ్ళకి మాత్రం, పైవాటావాళ్ళు గోడలు కొట్టిస్తుంటే కిందివాటాలో కూర్చున్నట్టే. ఏ పెచ్చు ఎప్పుడు నెత్తిన పడుతుందో తెలీదు. అందరికీ ఇచ్చేముందు మాలాంటివాళ్ళకి పరీక్షించుకోమని ఒక కాపీ ఇస్తారు. అది బల్ల మీదున్న ఓ కంప్యూటర్లో ఎక్కించి, ఆపి, మళ్ళీ వెలిగించాడు.

"ఇదిగో, ఒకసారి ఇలా రా" అన్నాడు. ఆ గొంతు విని చేతిలో పని వదిలేసి వెళ్ళాను. తెర చూపించాడు. పరదా కింద దాచిన ఐకాన్లన్నీ బారుగా, బడిపిల్లల్లా నిలబడి ఉన్నాయి.

"మీరు మీటలు నొక్కారా?"

"ముట్టుకోలేదు."

కొత్త వెర్షన్లో వాళ్ళు తెర కట్టే పద్ధతే మార్చేశారట. ఇంతకాలం మా పరదా ఐకాన్ల మీద గుడ్డలా పరుచుకుని ఉండేది. ఇప్పుడు కంప్యూటర్ వెలిగించగానే గుడ్డ కిందికి పోయి ఐకాన్లు పైకొస్తున్నాయి. దాచినవి దాచినట్టు బయటికి. పైగా ఈ కొత్త వెర్షన్ ఎవర్నీ అడగదు. దానంతటదే వచ్చి కూర్చుంటుంది. మర్నాడు కంప్యూటర్ దగ్గర ముందుగా ఎవరు కూర్చుంటారన్నది వాళ్ళ వాళ్ళ అదృష్టం.

"ఆవిడకి మెయిలు రాద్దామండీ. ఒక్క ముక్క. ఫోల్డర్ తీసేసుకోమని" అన్నాను.

"రాయొద్దందిగా."

"వాళ్ళాయన చూసినప్పుడు కదా."

"ఎప్పుడు చూస్తాడో నీకు తెలుసా?"

కొత్త పరదా ఒక్కటే మా నోరు. సిస్టమ్ కంటే ముందు అది వాళ్ళింటికి చేరాలి, దానంతటదే చేరుతుంది కూడా. ఆవిడ బతుకు మా భోజనాల బల్ల మీదకొచ్చి పడింది.

ఆ తర్వాత ఇంట్లో నవ్వు లేదు. ఆయన ఒక దారి పట్టుకుంటే, కంపెనీవాళ్ళు ఇంకో పరీక్ష కాపీ పంపి ఆ దారి మూసేసేవాళ్ళు. మళ్ళీ మొదటికి. గడియారం వాడేవాళ్ళు, రంగులు వాడేవాళ్ళు మా సంగతేంటని నామీద విరుచుకుపడ్డారు. ఒకాయనైతే తన ఫోల్డర్లు ఎరుపు నుంచి గులాబీకి మారాయని, ఇది నమ్మకద్రోహమని రాశాడు. చంపేద్దామన్నంత కోపమొచ్చింది. క్షమించండి, చూస్తున్నాం అని రాశాను. మా ఆయనకి గడ్డం పెరిగింది, బుగ్గలు లోపలికి పోయాయి. "వాడికి ఏ జబ్బే అమ్మాయ్, నా దగ్గర దాచకు" అని అత్తయ్య నన్ను పక్కకి లాగి అడిగింది. ఆ మెయిలు రాసినావిడ సంగతి అత్తయ్యకి చెప్పలేదు. చెబితే ఆ పిల్ల ఎవరు, పదండి తీసుకొచ్చేద్దాం అని చెప్పులేసుకునే మనిషి.

చివరికి కుదిరింది. కంప్యూటర్ ఆపాడు, వెలిగించాడు. ఖాళీ. మళ్ళీ ఆపాడు, వెలిగించాడు. ఖాళీ. బల్ల మీదున్నవన్నీ ఒకదాని తర్వాత ఒకటి వెలిగించి చూశాం. అన్నీ నున్నగా ఖాళీగా ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. సిస్టమ్ విడుదలకి ముందే కొత్త పరదా అందరికీ పంపించేశాడు. ఇన్నేళ్ళ కాపరంలో ఆయన ఈల వేయగా విన్నది ఆ రోజే. నేను తలంటుకుని నిద్రపోయాను, పట్టపగలు.

లేచేసరికి అత్తయ్య గొంతు. అత్తయ్య తన కంప్యూటర్లో పేకముక్కలు ఆడుకుంటుంది. కొడుకు అందులో కూడా పరదా పెట్టాడు, పరీక్షకి పనికొస్తుందని.

"ఒరేయ్, ఇదేదో పెట్టె తెరుచుకుంది. నేను దాచినవన్నీ భద్రంగానే ఉన్నాయట. నేనేం దాచానురా?"

ఆయన కదల్లేదు. నేనే వెళ్ళి చూశాను. తెర మధ్యలో, రంగురంగులుగా, ఇంత పెద్ద పెట్టె. "పరదా కొత్త వెర్షన్‌కి స్వాగతం. సిస్టమ్ మారినా మీరు దాచిన ఐకాన్లు ఇకముందు కూడా భద్రం."

గడియారంలోనూ రంగుల్లోనూ ఆ అలవాటు ఉంది. కొత్తది వేయగానే ఏం మారిందో చెప్పే పెట్టె ఒకటి తెరుచుకుంటుంది. ఆ మాటలు రాసేది నేను. పరదాకి మాత్రం ఎప్పుడూ లేదు, పెట్టలేదు. ఈసారి మొత్తం కొత్తగా కట్టాల్సొచ్చి, మూడింటికీ ఒకే పునాది వేశాడు. పెట్టె కూడా వచ్చేసింది. అందులో ఖాళీ కనిపిస్తే, పాపం, నన్ను ఇబ్బంది పెట్టడం దేనికని తనే రాశాడు. జన్మలో మొదటిసారి మనుషుల కోసం ఓ వాక్యం రాశాడు మహానుభావుడు. ఆ మెయిలు రాసినావిడ ధైర్యం కోసం రాశాడట. ఆవిడ చూసి, హమ్మయ్య అనుకోవాలని.

"మన దగ్గర అన్నీ వెలిగించి చూశాంగా, ఎందుకు కనబడలేదు?"

"మన వాటిల్లో పాతదాని మీద వేయలేదు. విడిగా వేశాను. పాతది ఉంటేనే ఆ పెట్టె తెరుచుకుంటుంది."

అరికాలి మంట నెత్తికెక్కింది. నోటికొచ్చినట్టు తిట్టాను. బుర్ర ఎక్కడ పెట్టావయ్యా అన్నాను, పెళ్ళయ్యాక మొదటిసారి నువ్వు అని. అత్తయ్య బిత్తరపోయి చూస్తోంది. ఆయన కూర్చుని, పెట్టె తీసేసి మళ్ళీ పంపాడు. కానీ అప్పటికే చేరినవాళ్ళకి చేరిపోయింది. ఒకసారి తెరుచుకున్నదాన్ని వెనక్కి లాక్కునే మంత్రమేదీ లేదు.

ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఆవిడే చూసుంటుంది, చప్పున మూసేసుంటుంది అని నేనంటే, అయ్యుంటుంది అని ఆయన. మెయిలు వచ్చిన చప్పుడైతే చాలు, ఇద్దరం ఒకేసారి బల్ల దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. ఫోల్డర్లు గులాబీగా మారినాయన మళ్ళీ రాస్తే, ఈసారి ఆ మనిషిని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. ఆవిడ మెయిలు అడ్రసు నుంచే. పంపినవాళ్ళ పేరు చోట ఆవిడ పేరే. ఒకే వాక్యం.

"దాచినవి చూడాలంటే ఏం నొక్కాలి?"

ఏడాదికి పైగా వాడుతున్న మనిషికి ఆ మూడు మీటలు తెలియవా? పోయినేడు అంత రాసిన మనిషి ఒక్క అండీ అయినా లేకుండా అడుగుతుందా? వాడు. వాడే కూర్చున్నాడు అక్కడ. ఆవిడ పక్కనే నిలబడి ఉందో, ఏ గదిలో ఉందో.

"జవాబివ్వకు" అన్నాడు మా ఆయన.

"ఇవ్వకపోతే ఊరుకుంటాడా? ఎవడో తెలిసినవాణ్ణి పిలిచి పరదా పీకించేస్తాడు. అప్పుడు అన్నీ బయటపడవూ? ఏదో ఒకటి చెప్పి రెండ్రోజులు ఆపాలి. ఈలోగా ఆవిడ చేతికి ఆ కంప్యూటర్ ఒక్కసారి దొరికితే చాలు."

ఆలోచించి, సరే అన్నాడు. రాయడానికి కూర్చున్నాను. మామూలుగా రాసేట్టే ఉండాలి. భయం కనపడకూడదు, తొందర కనపడకూడదు. మర్యాద ఎక్కువైనా పరవాలేదు, వాడు చల్లబడాలి. రాసింది పైకి చదివాను.

"సార్, మీకు కలిగిన ఇబ్బందికి క్షమించండి. కొత్త వెర్షన్‌లో ఆ సౌకర్యం పనిచేయడం లేదు. తెర శుభ్రంగా కనపడ్డానికి తప్ప ఈ ప్రోగ్రాం ఇంక దేనికీ పనికిరాదు, మీ కంప్యూటర్లో ఏమీ దాచి ఉండకపోవచ్చు. రెండు రోజుల్లో సరిచేసి పంపుతాం. అందాకా తీసేయకండి, ఫైళ్ళు పాడవుతాయి."

"బావుంది" అన్నాడు. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. తలూపాడు. పంపేశాను. అబద్ధమైతే అయింది, ఇంత చక్కగా అతికినట్టు ఎలా రాశానా అని లోలోపల కాస్త గర్వంగా కూడా ఉంది. నీళ్ళు తాగి గ్లాసు బల్ల మీద పెట్టానో లేదో, చప్పుడైంది.

"ఏమంటున్నాడు?" అన్నాడు మా ఆయన.

చదివాను. తెర ఆయన వైపు తిప్పాను. ఆయన వంగి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు.

"ఈ మెయిలు నా భార్య పేరు మీద ఉంది. మీకు రాస్తున్నది మగవాడని ఎవరు చెప్పారు?"