మధ్య జట్ల జాతకం

ఐస్ హాకీలో మనిషిని గోడకేసి కొట్టడం తప్పు కాదు. భుజంతో గుద్ది, రింక్ అనే ఆ మంచు మైదానం చుట్టూ ఉండే గోడకు ఎదుటివాణ్ణి అదిమేయవచ్చు. వెనకనుంచి కొట్టకూడదు, అంతే. ఎముకలు గోడకు తగిలే ఆ శబ్దం మొదటిసారి విన్నాక చాలా రోజులు నాకు అన్నం సహించలేదు. తర్వాత ఆ శబ్దమే నాకు జీతం ఇచ్చింది.

రెండు వేల ఐదు దాటిన రోజులవి. న్యూజిలాండ్‌లో ఐస్ హాకీ ఆడేవాళ్ళు తక్కువ, చూసేవాళ్ళు ఇంకా తక్కువ. అయినా ఆల్బనీలో ఒక చిన్న ఆఫీసు ఆ ఆట మీదే బతికేది. అమెరికా, కెనడాల్లోని ప్రొఫెషనల్ జట్లు వచ్చే సీజన్‌లో ఎలా ఆడతాయో ముందే రాసి, అక్కడి పత్రికలకూ వెబ్‌సైట్లకూ అమ్మడం మా పని. మా బాస్ కెనడా మనిషి. కుర్రతనంలో ఆ ఆట ఆడి ముక్కు వంకర చేసుకున్నవాడు. మొదట ఉండే జట్లనూ అట్టడుగు జట్లనూ తను ఉంచుకుని, నడుమ కొట్టుకునే జట్లను నాకు పడేశాడు. ఇక్కడి హామిల్టన్‌లో స్టాటిస్టిక్స్ చదివి వచ్చిన కొత్తమ్మాయిని, ఇచ్చినవి తీసుకున్నాను.

మొదటి ఏడాది గోల్స్, వయసులు, గెలుపోటములు అన్నీ కంప్యూటర్‌కు మేపాను. మధ్య జట్లన్నీ మధ్యలోనే ఉంటాయని అది చెప్పింది. బాస్ చదివి కాగితాలు చెత్తబుట్టలో వేశాడు. ఈ మాట తన కుక్క కూడా చెప్పగలదన్నాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సాయంత్రమే పాత మ్యాచ్‌ల డీవీడీలు ఇంటికి మోసుకుపోయాను.

బోటనీ డౌన్స్‌లో నేనూ మా తమ్ముడూ ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. వాడు చదువుకోవడానికి వచ్చి, కోర్సు అయ్యాక ఒక షాపులో పనికి కుదిరాడు. ఇద్దరం గుంటూరు పక్క ఒకే రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివాం. అక్కడ మార్కుల్ని బట్టి సెక్షన్లు. మొదటి సెక్షన్ వాళ్ళను లెక్చరర్లు నెత్తిన పెట్టుకునేవాళ్ళు. చివరి సెక్షన్‌ను గాలికొదిలేసేవాళ్ళు. దెబ్బలన్నీ మధ్య సెక్షన్‌కే. ఇంకో నాలుగు తగిలిస్తే వీళ్ళు పైకి పోతారని వాళ్ళ నమ్మకం. తమ్ముడు మధ్య సెక్షన్. వేళ్ళ కణుపులు వాచిపోతే ఎడమచేత్తో రాసేవాడు. జ్వరంతో కాలిపోతూ కూడా, ఏం కాలేదు సార్ అని బెంచీ మీద కూర్చునేవాడు. పడుకుంటే కింది సెక్షన్‌లోకి తోసేస్తారు మరి.

ఆ డీవీడీల్లో నాకు మా తమ్ముడే కనిపించాడు. ఒక జట్టులో బలమైన ఆటగాడు కర్రను పై చేత్తో వదులుగా పట్టుకుంటున్నాడు. ఇంకో జట్టు గోల్‌కీపర్ పడ్డ ప్రతిసారీ ఒకే మోకాలి మీద లేస్తున్నాడు. ఇంకొకడు ఎడమ గోడవైపు పోనే పోడు. దెబ్బలు దాస్తున్నారు. పై జట్టుకు ఆ అవసరం లేదు, దెబ్బ తగిలినవాడికి సెలవిస్తుంది. అట్టడుగు జట్టుకు సీజన్ ఎప్పుడో అయిపోయింది. నాకౌట్‌లో ఆఖరి చోటు కోసం పీక్కునే మధ్య జట్లే విరిగిన వాళ్ళకు నొప్పి తెలియకుండా సూదులు పొడిచి ఆటకు దింపుతాయి. ఆ దెబ్బలు సెలవుల్లో మానవు. అలాంటి జట్టు వచ్చే ఏడాది కూలుతుంది. ఓడినా సరేనని గాయపడ్డవాళ్ళను కూర్చోబెట్టిన జట్టు లేస్తుంది. అదే రాశాను.

అందరూ మెచ్చుకుంటున్న ఒక పచ్చ చొక్కాల జట్టు కూలుతుందని నేను రాస్తే, అక్కడి పాఠకులు నన్ను పచ్చి బూతులు తిట్టారు. సీజన్ సగం కాకముందే అది కూలింది. నిజం చెప్పాలంటే పండగ చేసుకున్నాను. బాస్ ఆ రోజు నుంచి నన్ను ‘డాక్టర్’ అని పిలిచేవాడు.

ఆ బాసే శనివారాలు మా పక్క రింక్‌లో సరదాకి ఆడే ఒక అమెచ్యూర్ జట్టుకు కోచ్. మనుషులు చాలక, చిన్నప్పుడు చక్రాల స్కేట్ల మీద తిరిగిన మా తమ్ముణ్ణి చేర్చుకున్నాడు. వాడికి ఆట పిచ్చి పట్టింది. మొదటిసారి ఒకణ్ణి గోడకు కొట్టి వచ్చిన రోజు వాడి మొహం వెలిగిపోయింది.

“ఇన్నాళ్ళూ తన్నులు తినడమే కదక్కా. ఇక్కడ మనం కొడితే చప్పట్లు కొడుతున్నారు!” అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

వాడు ఆట మొదలెట్టాక రెండో చలికాలం (ఇక్కడ చలి జులైలోనే), నేను వచ్చే సీజన్ జోస్యాలు రాస్తున్నప్పుడు, ఒక మ్యాచ్‌లో ఎవడో వాణ్ణి వెనకనుంచి కొట్టాడు. తల గోడ మీది అద్దానికి తగిలి, మంచు మీద బోర్లా పడ్డాడు. కాసేపటికి లేచి ఏం కాలేదని చెయ్యి ఊపాడు. ఆ వారమంతా వెలుతురు పడక వంటింట్లో కూడా నల్ల కళ్ళద్దాలతో తిరిగాడు. పప్పులో ఉప్పు వేసి, మళ్ళీ వేశాడు. తాలింపు వాసనకు బాత్‌రూమ్‌కు పరుగెత్తాడు. డాక్టర్ దగ్గరికి పోదాం పదంటే కారు తాళాలు దాచేశాడు.

“నీ కంప్యూటర్ టీమ్‌ల సంగతి చూస్కో అక్కా, నా జోలికి రాకు” అని అరిచాడు.

శుక్రవారం ఆఫీసులో బాస్‌ను నిలదీశాను. కుర్రాణ్ణి అడిగానని, బాగానే ఉన్నానన్నాడని చెప్పాడు. వాళ్ళ జట్టు కూడా పట్టికలో మధ్యనే ఉంది. రేపు గెలిస్తేనే ఆఖరి చోటు. ఇదే మాట నాచేత రాయించి అమ్ముకుంటున్నావు కదా అన్నాను. అది ప్రొఫెషనల్ ఆట, ఇది సరదా ఆట అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. బల్ల మీది కాఫీ కప్పు గోడకేసి కొట్టాను. ఆయన వంగి ముక్కలు ఏరుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం రింక్ దగ్గర కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చున్నాను. ఆట మొదలవగానే తమ్ముడు ఒకణ్ణి మోచేత్తో మూతి మీద కొట్టాడు. మంచు మీద రక్తం చుక్కలు పడ్డాయి. తర్వాత తమ్ముణ్ణి ఇద్దరు కలిసి గోడకు నొక్కారు. లేచి, తూలకుండా, తిన్నగా స్కేట్ చేసుకుంటూ వెళ్ళి, ఎదుటి జట్టు బెంచీ మీద కూర్చున్నాడు.

రింకంతా గొల్లున నవ్వింది. ఎదుటి జట్టువాళ్ళే వాడి వీపు తట్టి ఇవతలికి పంపారు. బాస్ కూడా నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. తన బెంచీ ఏదో తెలియని మనిషికి తల లోపల ఏమైందో ఆయనకు నాకంటే బాగా తెలుసు. అద్దం అవతలనుంచి నన్ను చూశాడు. అయినా ఆఖరి భాగం మొదలయ్యాక, దిగమన్నట్టు తమ్ముడి భుజం తట్టాడు.

నేను బెంచీ వెనక తలుపు తోసుకుని లోపలికి పోయాను. బాస్ అడ్డం వస్తే రెండు చేతులతో ఛాతీ మీద తోశాను. తమ్ముడు నీళ్ళు తాగడానికి గ్లోవ్స్ తీసి ఉన్నాడు. చొక్కా వెనకనుంచి పట్టి లాగాను.

“లెగు. ఇంటికి పద.”

“వదులు!”

“చచ్చిపోతావురా, లెగు!”

వాడు గిర్రున తిరిగి పిడికిలితో నా నోటి మీద కొట్టాడు. గూబ గుయ్యిమంది. నోట్లో ఏదో విరిగింది. నేను చొక్కా వదల్లేదు. మళ్ళీ చెయ్యెత్తాడు. ఆ కళ్ళల్లో నేనెవరో తెలిసిన జాడ లేదు. అది చూసినప్పుడు మాత్రం భయమేసింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండగా కూలబడి, నా బూట్ల మీద వాంతి చేసుకున్నాడు. బాస్ వాడి హెల్మెట్ తీసి, తల తన ఒళ్ళో పెట్టుకుని, అంబులెన్స్ కోసం కేకలు పెట్టాడు.

హాస్పిటల్లో స్కానింగ్ అయి, వాడు కళ్ళు తెరిచేసరికి సాయంత్రమైంది. గది తలుపు దగ్గర బాస్ తల వంచుకుని నిలబడి ఉన్నాడు. పొమ్మందామంటే నా పెదవి ఉబ్బి మాట సరిగ్గా రావడం లేదు. తమ్ముడు నన్ను చూసి లేవబోయాడు.

“ఎవడక్కా కొట్టింది? మూతి అట్టా పగలగొట్టాడేంటి? ఎవడో చెప్పు, చంపేస్తా నాకొడుకుని!”

మంచు మీద జారిపడ్డానని చెప్పవచ్చు. నమ్మేవాడు కూడా. కానీ అబద్ధం నోటికి రాలేదు.

“నువ్వేరా” అన్నాను.

నవ్వాడు. నేను నవ్వలేదు. వాడి కుడిచేతిని దుప్పటి మీద పెట్టి చూపించాను. కణుపు మీద నా పన్ను దిగిన చోట నర్సు కట్టు కట్టింది. ఆ కట్టు మీద వేలు పెట్టి చూసుకున్నాడు. తర్వాత దాన్ని దుప్పటి కింద దాచుకోబోయి, ఆగి, చిన్న గొంతుతో అన్నాడు.

“వారం నుంచి నాకు అన్నీ రెండ్రెండు కనపడతన్నాయక్కా. ఇప్పుడు కూడా నువ్విద్దరున్నావు.”

ఆ ఒక్క మాట చెప్పించడానికి నాకు పన్ను పోయింది. పోతే పోయింది. తలుపు దగ్గరున్న బాస్‌ను పక్కకు నెట్టి డాక్టర్ కోసం పరుగెత్తాను.