సిస్టరు గారూ అని పిలిచిన నాన్న

మొన్న చెకప్‌కి వెళితే, మా మనవరాలి ఈడు పిల్ల నా వేలికి ఓ క్లిప్పు తగిలించి, జబ్బకి పట్టా చుట్టి, మీట నొక్కి, అది నా చేతిని పిసికేస్తుంటే తను ఫోను చూసుకుంటూ కూర్చుంది. అంకెలు రాగానే రాసుకుని, ఇక వెళ్ళమంది. నా మొహం వంక గానీ చెయ్యి వంక గానీ ఒక్కసారి చూస్తే ఒట్టు. ఒళ్ళు మండింది గానీ, దాన్నని ఏం లాభం, దాని పని అది చేసింది. బయటికొచ్చి బల్ల మీద చతికిలబడ్డాక మాత్రం, ఆడపిల్ల పరాయివాళ్ళ మణికట్టు పట్టుకోవడమే మహాపరాధంగా ఉన్న రోజులు గుర్తొచ్చాయి. నా తరం వాళ్ళకైతే చెప్పినా అర్థమవుతుంది.

డెబ్బైల్లో నేను బెజవాడలో ఒక ఆసుపత్రిలో క్యాజువాలిటీ నర్సుని. మాది మైలవరం దగ్గర పల్లెటూరు. పెళ్ళికాని పిల్ల తెల్లచీర కట్టుకుని ముక్కూమొహం తెలియని మగాళ్ళ చేతులు పట్టుకుంటుందట అని రచ్చబండ మీద నవ్వుకునే కాలం. ఆ నోళ్ళకి జడిసి నాన్న, నేను బెజవాడలో పిల్లలకి పాఠాలు చెబుతున్నానని ఊరంతా చెప్పాడు, అక్క అత్తవారితోనూ అదే చెప్పాడు. అక్క మామగారికి పరువంటే ప్రాణం. అక్క ఆ ఇంట్లో తలెత్తుకు తిరగాలంటే నేను పంతులమ్మగానే ఉండాలి మరి. నాన్నని ఒక్కణ్ణే అనడమెందుకు, సిగ్గు నాకూ ఉండేది. ఊరికి బయల్దేరే ముందు తెల్లచీర మడతపెట్టి సంచి అడుక్కి తోసేసి, డెట్టాలు వాసన పోవాలని చేతులకి పసుపు రుద్దుకునేదాన్ని.

అలాగని పని మీద మనసు లేదనుకునేరు. నాడి పట్టుకున్నట్టే పట్టుకుని రోగి ఊపిరి లెక్కపెట్టడం మా పెద్ద సిస్టరు నేర్పింది. నీ ఊపిరి చూస్తున్నానయ్యా అని చెబితే ఎవడూ మామూలుగా పీల్చడు, ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోతాడు. దెబ్బ తగిలినవాడి బీపీ బాగుందని మురిసిపోకు, నెత్తురు పోతుంటే ముందు నాడి పరుగెడుతుంది, బీపీ ఆఖర్న పడుతుంది అనేది కూడా ఆవిడే. ఆ మాటలన్నీ నాకు వేదం.

ఓ ఎండాకాలం మధ్యాహ్నం, ముగ్గురు జీపు దిగి లోపలికొచ్చారు. ఇద్దరి భుజాల మీద ఒకాయన వేలాడుతున్నారు. చూద్దును కదా, ఆయన అక్క మామగారు. ఒకవైపు ఆయన తమ్ముడు, రెండోవైపు మా నాన్న. మా ఊరికి గడ్డి కోసం వచ్చి, నింపిన బండి మీంచి జారి నొగ మీద పడ్డారట, డొక్కలో తగిలిందట. జీపువాడు ఎవర్నీ అడక్కుండా నేరుగా మా ఆసుపత్రికే తెచ్చేశాడట. నన్ను ఆ అన్నదమ్ములు చూసింది అక్క పెళ్ళిలో ఒక్కసారే, ఆ తెల్లచీరలో పోల్చుకోలేదు. నాన్న నన్ను చూసి, వెంటనే గోడ మీదికి చూపు తిప్పేశాడు. డాక్టరు గారు పక్కగదిలో లారీ ప్రమాదం కేసులో ఉన్నారు. కబురు పంపి, నేనే చెయ్యి పట్టుకున్నాను.

బీపీ పర్వాలేదు. గాయం కనపడటం లేదు. నాడి మాత్రం వేగంగా ఉంది. కాసేపాగి చూస్తే ఇంకా పెరిగింది, మళ్ళీ చూస్తే వేళ్ళ కింద సన్నటి దారంలా జారిపోతోంది. అంత ఉక్కలో ఆయన నుదురు చల్లగా ఉంది. దాహం, దాహం అంటున్నారు. ఆయన తమ్ముడేమో వడదెబ్బే ఇది, ఇంటికెళ్ళి మజ్జిగ పోస్తే లేచి కూర్చుంటాడు పదండి అని తొందర. నాకేం కాలేదని ఆయన కూడా బింకం. డాక్టరు గారొచ్చేదాకా ఆగమన్నాను, లోపల దెబ్బ ఉండొచ్చన్నాను. నర్సుపిల్ల మాట ఎవరికి లెక్క? ఆ డాక్టరే వచ్చి చెప్పనీ, చెప్పడానికి నువ్వెవరివని తమ్ముడు కసిరి, అన్నగారి చంకల కింద చేతులు వేశాడు.

అప్పుడు నాన్న నోరు విప్పాడు. ఇంకాసేపుంటే గుట్టు బయటపడుతుందనే భయం ఆయన గొంతులో నాకొక్కదానికే వినబడింది.

"సిస్టరు గారూ, మావాళ్ళు బయల్దేరతామంటున్నారు. పంపించెయ్యండి."

కన్నతండ్రి నన్ను గారూ, అండీ అంటుంటే భూమి చీలిపోతే బావుండుననిపించింది. మూడో మనిషి ఎదుట నన్ను కాదనుకున్నాడని సిగ్గు, అలా కాదనుకోవాల్సిన ఉద్యోగం నాదని సిగ్గు. అక్క మొహం కళ్ళముందు ఆడింది. కానీ నా వేళ్ళ కింద ఆ నాడి అందీ అందకుండా కొట్టుకుంటోంది.

"నాన్నా, మామయ్యగారిని లేపొద్దు. లోపల నెత్తురు పోతోంది, జీపెక్కిస్తే ఇంటికి చేరరు."

ఎత్తుతున్న చేతులు ఆగిపోయాయి. తమ్ముడు నన్ను చూశాడు, నాన్నని చూశాడు. నాన్న తల వంచుకున్నాడు. నర్సు మాటకి ఆగని మనిషి, వియ్యంకుడి కూతురి మాటకి ఆగాడు. అంతలో డాక్టరు గారొచ్చి పొట్ట నొక్కి చూసి, అప్పటికప్పుడు ఆపరేషనుకి తీసుకెళ్ళారు. ఎడమ డొక్కలో ఉండే ప్లీహం చిట్లిందట. ఆయన బతికారు, చాలాకాలం బతికారు.

బతికించింది డాక్టరు గారని ఊరంతా చెప్పుకున్నారు, అది నిజమే. అక్కని మాత్రం వాళ్ళత్తగారు వచ్చేపోయేవాళ్ళ ముందు, మీ చెల్లెలు ఏ స్కూల్లో పాఠాలు చెబుతుందమ్మా అని ఏడాదిపాటు అడిగింది. అక్క నన్ను పల్లెత్తు మాట అనలేదు. అంటే బావుండేది, కాస్త తేలికపడేదాన్ని. నాన్నయితే ఆ మధ్యాహ్నం ఊసే ఎత్తలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో నర్సింగు చదివే పిల్లలు ఇంటికొకరున్నారు. మా అమ్మాయి నర్సండీ అని తండ్రులు బస్సులో పక్కవాణ్ణి పిలిచి మరీ చెబుతుంటే విని, సంతోషపడుతూనే మొహం కిటికీ వైపు తిప్పుకుంటాను నేను.

ముసలితనంలో గుండె జబ్బుతో నాన్న నా దగ్గరే ఉన్నాడు. అన్నం నా చేతే పెట్టించుకునేవాడు, తలకి నూనె నా చేతే రాయించుకునేవాడు. నాడి చూడబోతే మాత్రం చెయ్యి దుప్పట్లోకి లాక్కుని, పక్కసందులో ఉండే ఆరెంపీ డాక్టరుని పిలవమనేవాడు. ఆయనొచ్చి చూస్తున్నంతసేపూ నేను వంటింటి గుమ్మంలో నిలబడి, నాన్న మెడ మీద కొట్టుకునే నరాన్ని దూరం నుంచే లెక్కపెట్టుకునేదాన్ని.